తిత్తికి చిల్లు

కారుకు వచ్చే జబ్బుల్లో కొన్ని నోరున్నవి. టైరు పంచరైతే మరుక్షణం తెలుస్తుంది. బ్యాటరీ చచ్చిపోతే తాళం తిప్పగానే తెలుస్తుంది. రేడియేటరులో నీళ్ళు అయిపోతే ఆవిరి పైకి లేచి దారిన పోయేవాళ్ళక్కూడా చెబుతుంది. వీటితో పేచీ లేదు. చిక్కంతా నోరు లేని జబ్బులతోనే. బండి స్టార్టవుతుంది, నడుస్తుంది, బజారుకు వెళ్ళి కూరలు తీసుకుని బుద్ధిగా యింటికి వస్తుంది. కాని లాగదు. నలుగురు ఎక్కితే నీరసం, మిట్ట కనబడితే ఆయాసం. పోనీ ఆగిపోతుందా అంటే ఆగదు. "దీనికేదో అయింది" అని యింటాయనా, "మీకన్నీ అనుమానాలే" అని యింటావిడా అనుకుంటూ వుండగానే నెలలు గడిచిపోతాయి.

యీ జబ్బు పూర్వపు కార్లకు లేదు. అంబాసిడరూ, ఫియట్టూ యెంత లాగగలవో అంతే లాగేవి. అంతకు మించి వాటిని యెవరూ అడగలేదు. టర్బో వున్న డీజిలు కార్లు మధ్యతరగతి యిళ్ళ ముందుకు వచ్చాక, వాటితోపాటే యిదీ వచ్చింది. 2007లో స్విఫ్టు కారు డీజిలులో వచ్చిన దగ్గర్నుంచీ మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతుకూ, మిరప రైతుకూ, బడి పంతులుకూ కూడా టర్బో అన్న మాట నోట తిరిగింది. మారుతీవారు 2020 ఏప్రిల్ నుంచి డీజిలు కార్లు చెయ్యడం మానేశారు. అయితే అన్ని కంపెనీలూ అప్పటికే అమ్మినవి యెక్కడికి పోతాయి? చేతులు మారి, మారి పల్లెల్లోనే తిరుగుతున్నాయి. అలా చేతులు మారిన డీజిలు కారొకటి మా బావగారి దగ్గర వుంది. అది యే కంపెనీదన్నది యిక్కడ అవసరం లేదు. నేను చెప్పబోయే సంగతి అన్నిటికీ ఒకటే.

ముందు టర్బో అంటే యేమిటో చూద్దాం. అద్దంకి వైపు మా వూళ్ళో, నా చిన్నతనంలో, కమ్మరి కొలిమి వుండేది. బొగ్గులు వూరికే రాజేస్తే ఎర్రబడతాయి గాని, నాగటి కర్రు కరగబెట్టే వేడి రాదు. పక్కన ఒకడు కూర్చుని తోలు తిత్తి వొత్తుతూ వుంటే గాలి బలంగా లోపలికి పోయి, అవే బొగ్గులు తెల్లగా మండుతాయి. ఇంజను కూడా కొలిమే. ఒక లీటరు డీజిలు పూర్తిగా కాలాలంటే సుమారు పదివేల లీటర్ల గాలి కావాలి. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలక, తిత్తి పెట్టి బలవంతంగా యెక్కిస్తే అదే ఇంజను యెక్కువ డీజిలు కాల్చి, యెక్కువ బరువు లాగుతుంది.

యీ తిత్తులు రెండు రకాలు. ఇంజను తిరుగుడుకే బెల్టు వేసి తిప్పేది సూపర్‌ఛార్జరు. సైలెన్సరు వైపు పోయే వేడి పొగను వూరికే పోనివ్వకుండా, దాని తోపుతోనే తిరిగేది టర్బో. సూపర్‌ఛార్జరు పుట్టుక మా పత్తి మిల్లులవాళ్ళకు నచ్చే కథ. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో రూట్స్ అనే అన్నదమ్ములకు ఉన్ని మిల్లు వుండేది. నీటి చక్రాన్ని బాగుచేద్దామని మొదలుపెట్టి, వాళ్ళు చివరికి గాలి తోసే యంత్రం తయారుచేశారు. 1860లో దానికి పేటెంటు పొందారు. యినుము కరగబెట్టే కొలుముల్లో వాడిన ఆ పద్ధతే తరువాత కార్లలోకి వచ్చింది. మెర్సిడెస్‌వారు 1921లో సూపర్‌ఛార్జరు పెట్టిన కార్లు చూపించారు. పొగతో తిరిగే పద్ధతికి ఆల్‌ఫ్రెడ్ బ్యూచీ అనే స్విస్ యింజనీరు 1905లో పేటెంటు తీసుకున్నాడు. మన డీజిలు కార్లలో వున్నది యీ రెండో రకమే. అరచేతిలో పట్టేటంత చక్రం, బండి బలంగా లాగుతున్నప్పుడు నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరుగుతుంది.

అయితే తిత్తి యెంత గొప్పదైనా, తిత్తికీ కొలిమికీ మధ్య గొట్టంలో చిల్లుంటే యేం లాభం? కర్రు కాగదు. కమ్మరి తిట్టేది తిత్తి వొత్తే కుర్రాణ్ణి. మా బావగారి కారు విషయంలో జరగబోయింది అదే.

మా బావగారిది అద్దంకి దగ్గర పల్లె. మూడెకరాలు మిరప, రెండెకరాలు పత్తి. మా అక్క అత్తగారికి ఎనభై దాటాయి. నెలకోసారి ఆవిణ్ణి గుంటూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. బస్సులో ఆవిడ కూర్చోలేదు. ఆ పని కోసమే నాలుగేళ్ళ క్రితం యీ కారు కొన్నారు. యింట్లో అది విలాస వస్తువు కాదు, పాడి గేదెలాగ అవసరమైనది.

2025 శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. ప్రభల తిరునాళ్ళ జనం తగ్గాక, మరుసటి వారం అక్కా బావగారూ కోటప్పకొండకు బయలుదేరారు. అద్దంకి నుంచి సంతమాగులూరు మీదుగా దారంతా చదును. కారు చక్కగా వచ్చింది. తీరా కొండ దగ్గర ఘాటు రోడ్డు ఎక్కేసరికి బండి నీరసించింది. రెండో గేరులో ఎక్కవలసిన మలుపును మొదటి గేరులో కూడా మూలుగుతూ ఎక్కింది. మీటర్ల దగ్గర పసుపుపచ్చ దీపం వెలిగింది. మొత్తానికి త్రికోటేశ్వరుడి దర్శనం అయింది గాని, అంత మెల్లగా కొండెక్కిన కారు ఆనాడు యింకొకటి లేదని అక్క చెప్పింది.

యిందులో ఒక సూక్ష్మం వుంది. మాది మైదానం. ఒంగోలు నుంచి గుంటూరు దాకా జాతీయ రహదారి మీద వెళ్ళినా ఫ్లయ్ ఓవర్లు తప్ప మిట్టలు తక్కువ. చదును నేల మీద టర్బో బలం పూర్తిగా అవసరమే పడదు. అందువల్ల యీ జబ్బు మా వైపు బళ్ళలో నెలల తరబడి దాగి వుంటుంది. కొండ ఎక్కినప్పుడో, వెనక సీట్లో నలుగురూ డిక్కీలో బియ్యం బస్తా వున్నప్పుడో బయటపడుతుంది. బయటపడ్డ రోజునే జబ్బు వచ్చిందని మనం అనుకుంటాం.

మర్నాడు బావగారు కారును ఒక పెద్ద వర్కుషాపుకు తీసుకువెళ్ళారు. అక్కడివాళ్ళు స్టీరింగు కింద స్కానరు తగిలించి, రెండు నిమిషాల్లో కాగితం చేతిలో పెట్టారు. టర్బో గాలి వొత్తిడి చాలడం లేదని దానిమీద వుంది. "టర్బో పోయిందండీ. మార్చాలి. అన్నీ కలిపి 58 వేలు అవుతుంది" అన్నారు.

58 వేలు పట్టణంలో నెల జీతగాడికి ఒక లెక్క. మిరప రైతుకు వేరే లెక్క. రెండేళ్ళ క్రితం క్వింటాలు ఇరవై వేలు దాటి పలికిన మిరపకాయలు ఆ సంవత్సరం సగానికి దిగిపోయాయి. గుంటూరు యార్డులో రైతులు గగ్గోలు పెడితే, కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ధర కట్టింది. ఆ ధరే వచ్చిందనుకున్నా, ఒక టర్బో అంటే దాదాపు అయిదు క్వింటాళ్ళ మిరపకాయలు. టిక్కీల్లో చెప్పాలంటే పన్నెండు. ధర పెరుగుతుందేమోనన్న ఆశతో బావగారు కొంత సరుకు కోల్డు స్టోరేజీలో పెట్టారు. అందులోంచి పన్నెండు టిక్కీలు తీసి అమ్మేద్దామని నిశ్చయించుకుని, కమీషను వ్యాపారికి ఫోను చెయ్యబోతున్నారు.

"ఆ పన్నెండు టిక్కీలు కోయించడానికి కూలి యెంతయిందో మీకు గుర్తుందా?" అంది అక్క. "కళ్ళంలో యెండబెట్టి, తాలుకాయ యేరి, తొక్కించి, మోయించి... ఆ కాగితం ఒక్కటి చూసి అమ్మేస్తారా? ఇంకొకరికి చూపించండి."

అలా ఆ కారు చిలకలూరిపేటలో నా దగ్గరకు వచ్చింది. మా వీధి చివర హైవే పక్కన ఒక షెడ్డు వుంది. దాని యజమాని లారీలు బాగుచేస్తూ తల నెరిసిన మేస్త్రి. మాటలు తక్కువ. నేను సంగతంతా చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, "బండి నడిపిందెవరు, పక్కన కూర్చున్నదెవరు?" అన్నాడు.

నడిపింది బావగారు. పక్కన కూర్చున్నది అక్క.

"లాగనిది యెప్పుడండీ? పొద్దున్నే చల్లగా వున్నప్పుడా, వేడెక్కాకా?"

"యెప్పుడూ అంతే" అన్నారు బావగారు.

"కాదు" అంది అక్క. "పొద్దున యింటి దగ్గర బాగానే వుంది. గంట నడిచాక మొదలైంది. కొండెక్కేటప్పుడు యీయన గట్టిగా తొక్కినప్పుడల్లా ముందర యెక్కడో బుస్సుమని పాము బుసకొట్టినట్లు చప్పుడు వచ్చింది. తొక్కడం ఆపితే ఆగిపోయింది."

"పొగ?"

"వెనకనుంచి నల్లగా. మా వెనక మోటారుసైకిలు మీద వస్తున్న పిల్లలు ముక్కులు మూసుకున్నారు."

"నీలం రంగు కాదు గదమ్మా?"

"నలుపే."

మేస్త్రి తల వూపాడు. "అయితే టర్బో మీద యిప్పుడే నింద వెయ్యకండి. చూద్దాం" అన్నాడు.

యీ మూడు ప్రశ్నల వెనక వున్న శాస్త్రం తరువాత టీ తాగుతూ చెప్పాడు. వేడెక్కాక మాత్రమే వచ్చే జబ్బు రబ్బరుది అయివుండటానికి అవకాశం యెక్కువ. వేడికి రబ్బరు మెత్తబడి, చీలిక నోరు తెరుస్తుంది. తొక్కినప్పుడు బుస్సుమంటే లోపల కట్టిన గాలి బయటికి పోతున్నదన్నమాట. నల్ల పొగ అంటే డీజిలు పడుతున్నది గాని, దానికి తగ్గ గాలి అందడం లేదు. ఇంజను యెంత గాలి పీల్చిందో లెక్కకట్టే మీటరు మొదట్లోనే వుంటుంది. ఆ లెక్కనుబట్టి డీజిలు పోస్తారు. మధ్యలో గాలి కారిపోతే లెక్క తప్పుతుంది, మసి మిగులుతుంది. నీలం పొగ వస్తే మాత్రం ఆయిలు కాలుతున్నట్లు. అప్పుడు టర్బో సీళ్ళను అనుమానించాలి. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బి.ఎస్. 6 డీజిలు బళ్ళలో మసిని పట్టే జల్లెడ వుంటుంది కాబట్టి, వాటిలో నల్ల పొగ కంటికి కనబడకపోవచ్చు. బావగారిది అంతకు ముందుది.

"మరి స్కానరు టర్బో పోయిందని చెప్పింది గదా?" అన్నారు బావగారు.

"స్కానరు థర్మామీటరు లాంటిదండీ. జ్వరముందని చెబుతుంది. యెందుకు వచ్చిందో చెప్పదు. మీ కాగితం మళ్ళీ చదవండి. వొత్తిడి తక్కువ వుందని రాసివుంది. టర్బో పోయిందని యెక్కడా లేదు."

నిజంగానే లేదు. కాగితంలో వున్నది 0299 అనే నంబరు. దాని అర్థం కావలసినంత గాలి వొత్తిడి రావడం లేదని మాత్రమే. కావలసినంత లేనప్పుడు ఇంజను తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుని కుంటినడక నడుస్తుంది. ఘాటు రోడ్డు మీద జరిగింది అదే.

తరువాత పని మొదలైంది. చౌకైన దాన్నుంచి ఖరీదైనదాని వైపు, పైనున్న దాన్నుంచి లోపల వున్నదాని వైపు పోవడం ఆయన పద్ధతి. ముందు ఎయిరు ఫిల్టరు డబ్బా మూత తీశాడు. లోపలి ఫిల్టరు చూసి అక్క "అయ్యో" అంది. కాగితపు మడతల మధ్య నల్లరేగడి దుమ్ము; దానిమీద పత్తి నూగు పరుపులా పరుచుకుని వుంది. మా ప్రాంతం బళ్ళకు యిది మామూలే. పత్తి తీతల కాలంలో లారీల మీదనుంచి రాలే దూది, జిన్నింగు మిల్లుల దగ్గర గాలిలో తేలే నూగు, డొంకదారి దుమ్ము, కళ్ళాల దగ్గర మిరప పొడి, అన్నీ ఆ డబ్బాలోకే చేరతాయి. పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క మా వూళ్ళకు సరిపోదు. సగం దూరానికే ఫిల్టరు చూసుకోవాలి.

ఫిల్టరు మార్చాడు. బావగారి మొహం వెలిగింది. "దొరికింది గదా, యిక బయలుదేరవచ్చునా?" అన్నారు.

"ముక్కు మూసుకుపోతే ఆయాసం వస్తుంది గాని, బుస చప్పుడు రాదుగదండీ" అన్నాడు మేస్త్రి. ఒక లోపం దొరికినంత మాత్రాన వెతుకులాట ఆపని మనిషి ఆయన. ఆ గుణమే నన్ను ఆకట్టుకున్నది.

రెండోది చేత్తో తడిమి చూడటం. టర్బోనుంచి బయలుదేరిన గాలి నొక్కుడు వల్ల బాగా వేడెక్కుతుంది. వేడి గాలి పలచన. అందుకని బండి ముందుభాగంలో ఇంటర్‌కూలరనే చిన్న రేడియేటరులాంటి దానిలోంచి పంపించి, చల్లార్చి, ఇంజనుకు యిస్తారు. ఆ దారిలో రబ్బరు గొట్టాలూ, వాటికి యినుప క్లిప్పులూ వుంటాయి. టర్బోనుంచి కొంచెం ఆయిలు ఆవిరి గాలితోపాటు రావడం సహజమే. కనుక గొట్టానికి చిల్లుంటే అక్కడ జిడ్డు వూరుతుంది, జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. మేస్త్రి ఒక్కో గొట్టం కిందభాగాన్ని వేళ్ళతో తుడిచి, వేళ్ళు చూసుకుంటూ వెళ్ళాడు. ఇంటర్‌కూలరునుంచి ఇంజనుకు పోయే గొట్టం వంపు దగ్గర ఆయన వేళ్ళు నల్లగా జిడ్డుగా వచ్చాయి. కాని కంటికి చీలిక కనబడలేదు.

మూడోది అసలు పరీక్ష. నీళ్ళ పైపులకు వేసే ప్లాస్టిక్ మూత ఒకటి తెచ్చి, దానికి రంధ్రం చేసి, ట్యూబు లేని టైరుకు వాడే వాల్వు బిగించాడు. టర్బో గాలి పీల్చే గొట్టానికి ఆ మూత తగిలించి, క్లిప్పుతో బిగించాడు. పక్కన పంచరు షాపు గాలి గొట్టం అరువు తెచ్చి వాల్వుకు పెట్టాడు. "టైరులో ముప్పై పెడతాం గదా, దీనికి పదిహేను దాటకూడదు. దాటితే బాగున్న గొట్టాలు కూడా వూడతాయి" అన్నాడు. కుర్రవాడు సబ్బునీళ్ళ సీసాతో గొట్టాల మీదంతా చిమ్మాడు. సైకిలు ట్యూబును నీళ్ళ పళ్ళెంలో ముంచి బుడగల కోసం చూస్తామే, అదే సూత్రం. తేడా అల్లా నీళ్ళు ట్యూబు దగ్గరకు వచ్చాయి.

ఇంజను లోపలినుంచి సన్నగా గాలి చప్పుడు వచ్చింది. బావగారు, "అదిగో!" అన్నారు. "అది కాదండీ. లోపల యేదో ఒక సిలిండరు వాల్వు తెరుచుకునే వుంటుంది. కాస్త గాలి అటు పోతుంది. అది లెక్కలోకి రాదు" అన్నాడు మేస్త్రి. గొట్టాల మీద మాత్రం బుడగ లేదు. అందరం నిరాశపడ్డాం.

అప్పుడాయన ఇంజనును రెండు చేతులతో పట్టుకుని అటూ యిటూ వూపాడు. బండి బరువు లాగేటప్పుడు ఇంజను తన దిమ్మెల మీద కొంచెం ఒరుగుతుంది. దానితోపాటు గొట్టం మెలి తిరుగుతుంది. షెడ్డులో చల్లగా నిలబడ్డ బండికి ఆ మెలిక లేదు గనుక చీలిక మూసుకునే వుంది. ఆయన వూపగానే, జిడ్డు కనిపించిన ఆ వంపు కింద, క్లిప్పు అంచున, తెల్లటి బుడగలు పొంగుకు వచ్చాయి. చిన్నపిల్లలు సబ్బు బుడగలు వూదినట్లే. బుస్సుమన్న చప్పుడు కూడా వినిపించింది.

"యిదే! నేను కొండ మీద విన్నది యిదే!" అంది అక్క.

గొట్టం వూడదీసి చూస్తే, రెండు వేళ్ళ వెడల్పున చీలిక. యెండకు, ఇంజను వేడికి, ఆయిలు జిడ్డుకు నాని రబ్బరు పెళుసుబారింది. క్లిప్పు అంచు కోసింది. మా వేసవి సంగతి మీకు తెలిసిందే. రోహిణీ కార్తెలో మనుషులమే నీడకు చేరతాం. ఆ రబ్బరు అదే యెండలో ఇంజను పక్కన వుండి పనిచెయ్యాలి.

చీలిక దొరికాక కూడా మేస్త్రి టర్బోను వొదిలిపెట్టలేదు. గొట్టం వూడదీసిన చోటునుంచి వేలు పెట్టి, చక్రం యిరుసును కదిపి చూశాడు. పక్కలకు వెంట్రుకవాసి కదలిక వుండవచ్చునట. ముందుకూ వెనక్కూ మాత్రం కదలకూడదు. కదల్లేదు. చక్రం రెక్కలు గోడకు రాసుకున్న గుర్తులు లేవు. టర్బోను అదుపుచేసే మీటకు పోయే సన్నటి వాక్యూము గొట్టానికి చేతి పంపు తగిలించి చూశాడు, ముల్లు నిలబడింది. "యిది ఎలుకలు కొరికే గొట్టం. మిరపకాయల కొట్టు పక్కన బండి పెట్టుకున్నా అవి మానవు" అని నవ్వాడు.

కొత్త గొట్టం, రెండు క్లిప్పులు, ఫిల్టరు, పనికూలి కలిపి 3,200 రూపాయలు అయింది. డబ్బు తీసుకునే ముందు బండిని రోడ్డు మీదకు తీసుకువెళ్ళాడు. బావగారు నడుపుతూ వుంటే ఆయన పక్కన స్కానరు పట్టుకుని కూర్చున్నాడు. నేను వెనకనుంచి చూశాను. అందులో రెండు అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇంజను అడుగుతున్న వొత్తిడి ఒకటి, నిజంగా అందుతున్న వొత్తిడి ఒకటి. హైవే ఫ్లయ్ ఓవరు ఎక్కుతూ గట్టిగా తొక్కినప్పుడు మొదటి అంకె పెరిగింది. రెండోది దాని వెంటే పరుగెత్తి అందుకున్నది. "యిదీ వైద్యం కుదిరిందనడానికి గుర్తు. దీపం ఆరిపోవడం కాదు. దీపాన్ని నేనే స్కానరుతో ఆర్పగలను" అన్నాడు.

నన్ను ఆలోచింపజేసిన మాట ఆయన చివర్లో చెప్పాడు. గాలి కారిపోతున్నప్పుడు వొత్తిడి చాలడం లేదని ఇంజను టర్బోను యింకా వేగంగా తిరగమంటుంది. చిల్లు కుండలో నీళ్ళు నింపబోయినట్లు అది శక్తికి మించి తిరుగుతూ వుంటుంది. అలా కొన్నాళ్ళు నడిపితే నిజంగానే టర్బో పోతుంది. అంటే, ఆ వర్కుషాపులో గొట్టం చూడకుండా 58 వేలు పోసి కొత్త టర్బో వేయించుకుని వుంటే, జబ్బు అలాగే వుండేది. కొత్త టర్బో కూడా అదే చాకిరీ చేసి చేసి అరిగిపోయేది. పన్నెండు టిక్కీలు పోయి, మళ్ళీ పన్నెండు టిక్కీలకు దారి తీసేది.

టర్బోలు పోనే పోవని నేననడం లేదు. పోతాయి. ఆయిలు సకాలంలో మార్చకపోతే, చౌకబారు ఆయిలు పోస్తే, స్టార్టు చేసిన మరుక్షణమే ఇంజనును గర్జింపజేస్తే, హైవే మీద దౌడు తీయించి వచ్చి వెంటనే తాళం తిప్పి ఆపేస్తే పోతాయి. అంత వేగంగా తిరిగే యిరుసుకు ఆయిలు పలచటి పొరే ఆధారం. బలంగా నడిపి వచ్చాక ఒక నిమిషం ఇంజనును వూరికే తిరగనిచ్చి ఆపడం మంచి అలవాటు. నీలం పొగ, ఆయిలు తగ్గిపోవడం, సైరనులాంటి కూత, యిరుసు ముందుకూ వెనక్కూ కదలడం, యిలాంటి సాక్ష్యం వుంటే టర్బో మీద నేరం మోపవచ్చు. సాక్ష్యం లేకుండా మాత్రం కాదు.

టర్బో కారు వున్నవాళ్ళు నాలుగు ప్రశ్నలు గుర్తుపెట్టుకుంటే చాలు. లాగనిది చల్లగా వున్నప్పుడా, వేడెక్కాకా? పొగ యే రంగు? తొక్కినప్పుడు బుస వినిపిస్తున్నదా? ఫిల్టరు చూసి యెన్నాళ్ళయింది? యీ నాలుగింటికి జవాబులు తెలిసి మేస్త్రి దగ్గరకు వెళితే సగం వైద్యం అయినట్లే. ఆ జవాబులు చాలాసార్లు నడిపేవాడి దగ్గర కన్నా పక్క సీటులో కూర్చున్న మనిషి దగ్గరే దొరుకుతాయి. నడిపేవాడి కన్ను రోడ్డు మీద వుంటుంది. పక్కనున్న ఆవిడ చెవి బండి మీద వుంటుంది. "నీకేం తెలుసు, వూరుకో" అనకుండా అడగడం మర్యాదకే కాక, జేబుకు కూడా మంచిది.

బిల్లు చూసి, "గాలి గొట్టానికి 3,200లా!" అన్నారు బావగారు. మనిషి స్వభావం అది. తప్పిపోయిన 58 వేలు కనబడవు, చేతిలోంచి వెళ్ళే 3,200 కనబడతాయి.

పన్నెండు టిక్కీలూ కోల్డు స్టోరేజీలోనే వున్నాయి ఆ వేసవి అంతా. ధర ఆశించినంత పెరగలేదు. జూన్‌లో మనవడి కాలేజీ ఫీజు కట్టవలసి వచ్చి, బావగారు వాటిని అమ్మారు. అత్తగారు మాత్రం నెల తప్పకుండా ఆ కారులోనే గుంటూరు వెళ్ళి వస్తున్నారు. మొన్న ఫోనులో అక్క అన్నది: "మిరపకాయలు యెలాగూ అమ్ముడుపోయేవేరా. పిల్లవాడి చదువుకు పోయాయి, బాగుపడని జబ్బుకు పోలేదు. అంతే చాలు."